వీపు తిప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు

ఆ బ్రిటిష్ నటుడు పోయాడన్న వార్త నాకు ఒక మంగళవారం ఉదయం వెల్లింగ్టన్‌లో, ఆఫీసు లిఫ్టులో తెలిసింది. మా మేనేజరు ఫోనులోంచి తలెత్తి చెప్పింది. పెద్ద వయసు, నిద్రలోనే పోయాడట. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నాకూ బాధ వేసింది. నాలుగో అంతస్తు వచ్చేసరికి ఆ బాధలోకి భయం చొరబడింది.

కారణం ఉంది. ఏడాది కిందట ఇంటర్వ్యూ చివర్లో, తీరిక దొరికితే ఏం చేస్తావని ఆమె అడిగింది. ఆ నటుడి సినిమాలు చూస్తానన్నాను, చిన్నప్పటి నుంచీ ఆయన అభిమానినని కూడా అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. లైబ్రరీ హాల్లో నడిచే ఓ చిన్న ఫిలిం సొసైటీకి ఆమె అధ్యక్షురాలని ఉద్యోగంలో చేరాకే తెలిసింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆయన్ని నేను చూసిందంతా వరంగల్‌లో, తెలుగు డబ్బింగులో. ఆ వివరం ఎవరూ అడగలేదు, నేనూ తొందరపడి చెప్పలేదు.

"శుక్రవారం సాయంత్రం సంస్మరణ సభ," అంది లిఫ్టు దిగుతూ. "నువ్వు ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆయన గొంతు గురించి. అలాంటి గొంతు ఇక పుట్టదు."

నా కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతోంది. పొడిగించేదీ లేనిదీ సోమవారం చెబుతామన్నారు, చెప్పాల్సింది ఆమే. నా వీసా ఆ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతోంది; అది తెగితే నేనూ నా భార్యా సామాను సర్దుకోవాల్సిందే. శుక్రవారానికీ సోమవారానికీ సంబంధమేమిటని ఎవరైనా అనవచ్చు. అలా అనేవాళ్లెవరూ కాంట్రాక్టు మీద బతికినవాళ్లు కారు.

ఆ సాయంత్రమే లైబ్రరీ నుంచి ఆయన డీవీడీ ఒకటి తెచ్చాను. ఆయన ముసలి మంత్రిగా వేసిన సినిమా. తెలుగులో పదిహేనుసార్లు చూసి ఉంటాను. ఆయన నోరు తెరిచాడు. నేను నోరు మూసుకున్నాను.

గొంతు సన్నం. పక్క గదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు, వాళ్లను లేపడం ఇష్టం లేనట్టు మాట్లాడుతున్నాడు. వరంగల్ థియేటర్లో ఇదే మంత్రి మాట్లాడితే కుర్చీలు అదిరేవి.

నా భార్య వంటింట్లోంచి వచ్చి కాసేపు వింది.

"పాపం, ఈయనకు పానం బాగలేదా?"

"బాగనే ఉంది. గొంతే గంత."

"మరి ఇంటర్వ్యూల అంత పెద్ద ఫ్యాన్ అని ఎందుకు చెప్పినవ్?"

"అప్పుడు నిజమే చెప్పిన."

"నువ్వు నిజం చెప్తే నాకెందుకు సూట్‌కేసులు యాదికొస్తున్నయ్?"

అసలు దెబ్బ తర్వాత తగిలింది. రాజు సభలో అవమానిస్తే మంత్రి కిటికీ వైపు తిరిగే సన్నివేశం ఒకటి ఉంది. తెలుగులో అక్కడ ఆయన, "ఈ సింహాసనం నీది కావచ్చు రాజా, దాని కింది నేల నాది!" అంటాడు. హాలంతా ఈలలు. ఆ డైలాగు నేను హాస్టల్ వార్డెను మీద కూడా ప్రయోగించాను, ఆశించిన ఫలితం రాలేదు. ఈ డీవీడీలో ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఏమీ అనలేదు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

డబ్బింగువాళ్ల పద్ధతి నాకు అప్పుడు అర్థమైంది. పెదాలు కనిపించినంతసేపూ పెదాలకు సరిపోయే మాటే పడాలి. వీపు కనిపించిందంటే అడిగేవాడు లేడు, ఎంతైనా రాసుకోవచ్చు. నేను ప్రాణంగా దాచుకున్న డైలాగుల్లో సగం ఆయన వీపు చెప్పినవి.

"సిక్ లీవ్ పెట్టు," అంది నా భార్య.

"ఆమె సూప్ పట్టుకొని ఇంటికొస్తది."

"అయితే ఇంటర్నెట్ల చూసి నాలుగు ముక్కలు రాసుకో. అందరు చేసేది గదే."

రాసుకున్నాను. ఒక పేజీ వచ్చింది. అందులో ఆయన గొంతును మఖ్మల్‌తో రెండుసార్లు పోల్చాను.

శుక్రవారం ఈ ఊరి గాలి ఎప్పటిలాగే మనుషుల్ని పక్కకు నడిపిస్తోంది. హాల్లో పాతికమంది, దాదాపు అందరూ పెద్దవాళ్లు. ఓ మూల టీ, బిస్కెట్లు. ముందు వరసలో రెండు చెవులకూ మిషన్లు పెట్టుకున్న ఒక ముసలావిడ. నా కన్నా ముందు ఇద్దరు మాట్లాడారు, ఇద్దరూ గొంతు గురించే. నా కాగితంలో ఉన్నవన్నీ చెప్పేశారు, మఖ్మల్‌తో సహా. మేమంతా ఒకే చోట చదువుకుని వచ్చినట్టున్నాం.

నన్ను పిలిచారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆయన గొంతు నేను మొదటిసారి విన్నది మొన్న మంగళవారం," అన్నాను.

ఇక్కడివాళ్ల మౌనం మర్యాదగా ఉంటుంది కాబట్టి ఎంత ప్రమాదమో కొలవడం కష్టం. బిస్కెట్టు పట్టుకున్న మా మేనేజరు చెయ్యి ప్లేటుకీ నోటికీ మధ్య ఆగిపోయింది. వరంగల్ సంగతి చెప్పాను. డబ్బింగు సంగతీ, కిటికీ సంగతీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏమంటున్నాడు?" అంది ముందు వరసలో ముసలావిడ. పక్కాయన ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"నాదీ అదే కథ," అందామె. "ముప్పై ఏళ్లుగా నాకు సరిగ్గా వినబడదు. ఊరికే ఆయన్ని చూస్తుంటాను. మరి నీకు మిగిలిందేమిటి, డియర్?"

ఆలోచించుకునే వ్యవధి లేదు. "కప్పు," అన్నాను.

ఏ పాత్ర వేసినా, ఎవరైనా ఇబ్బందికరమైన ప్రశ్న అడిగితే ఆయన ఎదురుగా ఉన్న కప్పు ఎత్తి, లోపలికి చూసి, కింద పెట్టి, ఆ తర్వాతే జవాబు చెప్పేవాడు. కెమెరా మొహం మీదే ఉంటుంది, పెదాలు మూసుకుని ఉంటాయి. అక్కడ మా తెలుగు రచయితలు ఒక్క అక్షరం కూడా దూర్చలేకపోయారు. మద్రాసు స్టూడియోలో అరిచి అరిచి ఆయనకు గొంతు అరువిచ్చిన మనిషి కూడా అక్కడ ఊపిరి బిగబట్టి నిలబడాల్సిందే. ఈలలు వేసే మా హాలు కూడా అక్కడ ఆగేది. "ఆయన దగ్గర నేను నేరుగా విన్నది ఆ మౌనం ఒక్కటే," అని కూర్చున్నాను.

"ఆ కప్పు నాకు తెలుసు," అంది ముసలావిడ, అవసరానికి మించి గట్టిగా.

చప్పట్లు కొట్టారు. ఇక్కడ ఏదైనా బాగా నచ్చితే 'నాట్ బ్యాడ్' అంటారు. మా మేనేజరు అదీ అనలేదు. కప్పులు కడిగి, తాళం వేసి, గాలిలోకి నడిచి వెళ్లిపోయింది. ఆ శని, ఆదివారాలు నా భార్యా నేనూ సూట్‌కేసుల వైపు చూడకుండా ఇల్లు తుడుచుకున్నాం.

సోమవారం పది గంటలకు పిలిచింది. బల్ల మీద ఒక కాగితం బోర్లించి ఉంది.

"ఇంటర్వ్యూలో నువ్వు చెప్పినవాటిలో ఇంకా ఏమేం డబ్బింగు?"

నా టీ కప్పు ఎదురుగానే ఉంది. ఎత్తాను. లోపలికి చూశాను. చల్లారిన గుక్కెడు టీ. కింద పెట్టాను.

"ఎక్సెల్," అన్నాను. "కొంతవరకు."

ఆమె నవ్వలేదు. కాగితం తిప్పి నా వైపు జరిపింది. ఇంకో ఏడాది. సంతకం పెట్టాను.

"ఆ కిటికీ దగ్గర," అంది పెన్ను తీసుకుంటూ, "మీ భాషలో ఏమంటాడన్నావు?"

లేచి, కిటికీ వైపు తిరిగి, చెప్పాను.