పెళ్ళిచూపులకి కారులో వెళ్ళాం

ఆ రోజుల్లో మా తాడేపల్లిగూడెంలో కార్లున్నవాళ్ళ కంటే కార్ల గురించి అభిప్రాయాలున్నవాళ్ళే ఎక్కువ. "కొంటే లారీ కొనాలండీ, ధాన్యం మోసి తన తిండి తను సంపాదించుకుంటుంది. కారుదేముంది, కూర్చుని తింటుంది" అనేవాళ్ళూ, స్టీరింగు ఎన్నడూ ముట్టుకోకుండానే ఇంజను సంగతులు పొద్దస్తమానం చెప్పేవాళ్ళూ బజారునిండా ఉండేవారు. అందరి మాటలూ శ్రద్ధగా విని, ఒక్కరి మాటా లెక్కచెయ్యకుండా మా బావగారు ఒక పాత కారు కొన్నారు. బావగారంటే మా అక్క భర్త. ఆయన ధాన్యం కొట్లో నేను గుమాస్తాని. పెళ్ళీడు వచ్చినవాణ్ణి కూడాను.

పెదపాడునుంచి నాకో సంబంధం వచ్చింది. పిల్లని చూడ్డానికి ఏలూరుదాకా రైల్లో వెళ్దామంది అక్క. "రైల్లో వెళితే మనం వెళ్ళినట్టు రైలుకి తప్ప ఎవరికి తెలుస్తుందే?" అన్నారు బావగారు. ఆ తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఒరేయ్, కారు నీదేనని చెబుతాను. నువ్వు మాత్రం నోరెత్తకు" అన్నారు. (నోరెత్తకుండా కూర్చోవడం అప్పట్లో పెళ్ళికొడుకు మొదటి లక్షణం కనక నేను ఒప్పుకున్నాను.)

ఉంగుటూరు దాటామో లేదో ఇంజను కుతకుతా ఉడకడం మొదలెట్టింది. నేను చెంబు పట్టుకుని కాలవలోకి దిగడం, నీళ్ళు తెచ్చి పొయ్యడం, మళ్ళీ దిగడం. కొత్త పంచె మోకాళ్ళదాకా బురదయింది. అంతలో గట్టుమీద తాడుతో పడవని లాక్కుపోతున్న మనిషి ఆగి, ఎంతో మర్యాదగా, "ఏవండీ, ఈ తాడే మీ బండిక్కూడా కట్టమంటారా?" అని అడిగాడు. బావగారు నా చేతిలో మళ్ళీ చెంబు పెట్టారు. ఆ పడవ మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. అందులోవాళ్ళు చాలా దూరందాకా మాకేసి జాలిగా చూస్తూనే ఉన్నారు.

ఎలాగో పెదపాడు చేరాం. పెళ్ళికూతురి తండ్రిగారు వాకిట్లోకి వచ్చి, నాకేసి చూడకుండా కారుకేసే చూస్తూ నిలబడ్డారు. బావగారు సంతోషం పట్టలేక, "కారు మావాడిదేనండీ" అన్నారు. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"అయితే ఈ సంబంధం మాకొద్దండీ. ఏమీ అనుకోకండి. లోపలికొచ్చి కాఫీ తీసుకోండి" అన్నారు.

"ఎందుకండీ?" అంది మా అక్క. ఆయన మెల్లిగా చెప్పుకొచ్చారు: "నేనూ ఒకటి కొన్నానండీ. కొన్న మర్నాటినుంచీ ఈ చుట్టుపక్కల నాకు చుట్టం కానివాడు లేడు. ఒకరికి ఏలూరు ఆసుపత్రి, ఒకరికి ఆకివీడులో పెళ్ళి. కొల్లేరు పొంగితే కారు కొట్టంలోనూ, గేదెలు వానలోనూ. కారెక్కి తిరిగిందానికంటే కారుకింద పడుకున్నదే ఎక్కువ. చిన్నతనంలో మా అమ్మాయి చూసింది నా ముఖం కాదండీ, కాళ్ళు. అమ్మేశాకే ఇంట్లో మనుషులమయ్యాం. మళ్ళీ కారున్న ఇంటికే పిల్లని పంపమంటారా?"

అప్పుడే తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ నవ్వు విన్నాక నాకు నోరెత్తక తప్పలేదు. "కారు నాది కాదండీ! బావగారిది!" అని అరిచినంత పని చేశాను.

బావగారు నన్ను చూసిన చూపుకి వేరేవాడైతే పారిపోయేవాడు. పెద్దాయన మాత్రం నన్ను వదిలేసి ఆయన భుజంమీద చెయ్యి వేశారు. "మీదా అండీ? ఎన్నాళ్ళనుంచి?" అన్నారు, జబ్బుమనిషిని అడిగినట్టు. పాపం, అలా అడిగినవాళ్ళు అంతకుముందు లేరు కాబోలు, బావగారికి కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ వెళ్ళి బానెట్టు ఎత్తి అందులోకి తలలు దూర్చారు. అక్కని ఆడవాళ్ళు వంటింట్లోకి తీసుకెళ్ళారు. కాఫీ పళ్ళెంతో పెళ్ళికూతురు వచ్చేసరికి సావిట్లో నేనూ, వాళ్ళ చెవిటి నాయనమ్మగారూ మిగిలాం.

"మీకు కారు నడపడం వచ్చాండీ?" అని అడిగిందా అమ్మాయి, తలెత్తకుండానే.

"రాదండీ. తొయ్యడం వచ్చు."

వచ్చిన నవ్వుకి కాఫీ ఒలికింది. "మాకూ అదే వచ్చండీ" అంది.

బయల్దేరేటప్పుడు కారు కదల్లేదు. వీధివీధంతా వచ్చి తోసింది. ఆ అమ్మాయి కూడా ఓ చెయ్యి వేసేసరికి నాయనమ్మగారు "అయ్యో, పెళ్ళికావలసిన పిల్లవే!" అని కేకపెట్టారు. ఇంజను అందుకుంది. ఆగితే మళ్ళీ కదలదన్న భయంతో బావగారు వెనక్కి తిరిగి, "ముహూర్తం పెట్టించండీ!" అని అరుస్తూ పోనిచ్చారు. నేను పరుగెత్తి ఎక్కాను.

ఆ తర్వాత అక్క పోరు పడలేక బావగారు కారు అమ్మేశారు. కొన్నదెవరనుకున్నారు? నాకు కాబోయే మామగారే. అదేమిటండీ అంటే, "మీ ఇంట్లో ఉంటే మా అమ్మాయికి కష్టం. నా దగ్గరైతే ఫరవాలేదు" అన్నారు.

పెళ్ళినాడు కాళ్ళు కడిగే వేళకి మామగారు ఎక్కడా కనిపించలేదు. కారుకిందనుంచి లాక్కొచ్చి పీటలమీద కూర్చోబెట్టారు. ఆ చేతులతో ఆయన కడిగేకొద్దీ నా పాదాలు నల్లబడ్డాయి. నాకు ఒళ్ళుమండిపోయింది. తెర అవతల పెళ్ళికూతురు మాత్రం ఒకటే నవ్వు.

ఇప్పుడు నాకు ఆనాటి మామగారికంటే ఎక్కువ వయసు. కారు కొనలేదు, నేర్చుకోలేదు. అయినా రోడ్డుపక్కన బానెట్టు ఎత్తిన కారు కనిపిస్తే నేనూ వెళ్ళి వంగి చూస్తాను. "ముందు నీళ్ళున్నాయేమో చూడండి" అంటాను. తల నెరిసినవాణ్ణని వాళ్ళు గౌరవంగా చూస్తారు. "మీకేం తెలుసని చెబుతారండీ?" అని మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతుంది. నిజమే, నాకేమీ తెలియదు. కానీ ఆ బండి కదిలి మలుపు తిరిగేదాకా అక్కణ్ణించి నాకు కాలు కదలదు. లాగే ఆవిడకీ కదలదు. అది మాత్రం నేను చూడనట్టే ఊరుకుంటాను.