మూడు చక్రాల లెక్క

నౌపడ ఉప్పుమడుల గట్టు మీంచి మా నగరేశ్వరరావు మూడు చక్రాల బండితో సహా మడిలోకి దిగాడు. బండికి ఏమీ కాలేదు. ప్యాంటు మాత్రం ఎండాక తెల్లగా అట్టకట్టి, నిలబెడితే నిలబడేలా తయారైంది.

ఆయన కాళ్లకు ఏ లోపమూ లేదు. టెక్కలి కిరాణా కొట్టులో పెరిగి, ఒక సేవాసంస్థలో ఉద్యోగంలో చేరిన మనిషి. పెట్టిన ఖర్చుకు ఎవరికెంత మేలు జరిగిందో తేల్చి చెప్పడం ఆయన పని. వికలాంగులకు సంస్థ పంచిన బండ్లు ఆ గట్ల మీద కదులుతాయో లేదోనని స్వయంగా ఎక్కి చూశాడు. ఊళ్లోకి వెళ్తే ఒక బండి మీద మిరపకాయలు ఎండుతున్నాయి, ఇంకోదాని కింద కోడి పొదుగుతోంది.

పక్షవాతం వచ్చిన కూర్మమ్మది ఆ ఊరే. సంస్థ పంపే ఫిజియోథెరపిస్టు ఝాన్సీ వారం వారం వచ్చి వ్యాయామం చేయిస్తే, గోడ పట్టుకుని అరుగు చివరిదాకా నడవగలుగుతోంది.

"కోడల్ని పిలవకండా పెరట్లోకెల్లొస్తే సాలు నాకు," అంటుంది.

బండి చవకే గాని కదలదు, ఝాన్సీ జీతం ఎక్కువే గాని మనుషులు లేస్తున్నారు, కాబట్టి వచ్చే ఏడాది డబ్బు ఆమెకే ఇవ్వాలని నగరేశ్వరరావు నివేదిక రాశాడు. శ్రీకాకుళం సమావేశంలో అధ్యక్షుడు మురళీమోహన్ మొదటి పేజీ చూసి, జీడిపప్పు పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు.

"బండిచ్చిన రోజే ఒకడికి మేలు జరిగినట్టు రాసేస్తాం. నీ ఝాన్సీకి ఎన్నాళ్లు పడతాది?"

"ఆర్నెల్లు పట్టొచ్చండి. సరుకు దించితే సరా, అమ్ముడవ్వాలి కదా?"

"నువ్వింకా కొట్టు వదల్లేదయ్యా. నడిసినోడికి ఫొటో ఏటి తీస్తాం? అందరూ నడుస్తన్నోళ్లే కదా."

"అలా అందరిలా నడవాలనేనండి ఇదంతా," అన్నాడు నగరేశ్వరరావు. అప్పటికే కాఫీలు వచ్చేశాయి. ఆ మాట ఎవరూ వినలేదు.

ఝాన్సీని మానిపించారు. బండ్లు కొన్నారు. పంచే పని నగరేశ్వరరావుకే అప్పజెప్పారు. కూర్మమ్మ ఇంటి ముందు బండి దించి, పళ్లు కొరుకుతూ ఫొటో తీయించుకున్నాడు.

కూర్మమ్మ అరుగు మీంచి కదలకుండా బండిని ఎగాదిగా చూసింది.

"ఆ పిల్ల రావడం మానేసినాది. ఈ బండి గుమ్మమే దాటదు. నేను పెరట్లోకెలాగెల్తాన్రా బాబూ?"

బ్రేకు సరిచూస్తున్న నగరేశ్వరరావు తల ఎత్తలేదు.

"మా లెక్కలో నువ్వు ఊరంతా తిరిగేస్తన్నావు అత్తా."