అత్తమ్మ రాసిచ్చిన ఇల్లు

వావిలాకు వేసి కాచిన నీళ్ల వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలిందంటే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఖమ్మంలో పెద్ద దవాఖానా వెనక సందులోని మా మేనత్త పెంకుటిల్లు, పెరట్లో రాళ్ల పొయ్యి మీద పొగలు కక్కే నల్లటి కాగు, ఆ పొగలోనే తలలు తడిసిన బాలింతలు, పసిపిల్లల సాంబ్రాణి, అన్నీ ఒక్కసారిగా కమ్ముకుంటాయి.

అత్తమ్మ మా నాన్నకు అక్క. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే, ముదిగొండలో తమ్ముళ్ల ఇంట్లో వండిపెట్టుకుంటూ పడి ఉండమన్న తాతయ్య మాట తోసేసి నర్సు ట్రైనింగుకు వెళ్లింది. ములకలపల్లి చుట్టూ ఉన్న అడవి ఊళ్లలో వాగులు దాటుతూ పురుళ్లు పోస్తూ ఉద్యోగమంతా గడిపి, సొంత జీతంతో ఈ ఇల్లు కొనుక్కుంది. రిటైరై ఇక్కడికి చేరేసరికి ఆ ఊళ్లు కూడా ఆమె వెనకే వచ్చాయి. కాన్పు కష్టమని పెద్ద దవాఖానాకు పంపిస్తే, ఈ పట్నంలో వాళ్లకు తెలిసిన గడప అదొక్కటే.

దసరా సెలవులకు అమ్మా నేనూ అక్కడికే వెళ్లేవాళ్లం. అరుగు మీద గునుగు, తంగేడు పూలు కుప్పలుగా పోసి బతుకమ్మను పేరుస్తుంటే, అడవి నుంచి వచ్చిన ఆడవాళ్లు నాకు అర్థంకాని తమ భాషలో నవ్వుకుంటూ పూలు అందించేవాళ్లు. వాళ్ల పిల్లలూ నేనూ చింతపిక్కలతో అష్టాచెమ్మా ఆడుకుంటూ, వాళ్లు వెదురుబుట్టలో తెచ్చిన సీతాఫలాలు చేతులు జిగురయ్యేదాకా తినేవాళ్లం.

నాకు పన్నెండేళ్లప్పుడు దసరా పండుగకు నాన్న, చిన్నాయన కూడా వచ్చారు. అత్తమ్మ గారెలు వేసి, మొదటి వాయి, కాన్పు కోసం అడవి నుంచి వచ్చి ఉన్న లచ్చక్కకు పెట్టి రమ్మని నన్ను అరుగు మీదికి పంపింది. చిన్నాయన మొహం మాడిపోయింది.

"ఇంటోళ్లు తినకముందే వాళ్లకా? ఏంది అక్కా, ఇది ఇల్లా, సత్రమా? దవాఖానా ఎనక జాగ. షాపులు కడితే ఎంత కిరాయి వస్తదో ఎరుకేనా?"

"ఎరుకే. అందుకే ఇల్లు వీళ్లకు రాసిన" అంది అత్తమ్మ, మూకుడులోంచి చూపు తిప్పకుండా. "వీలునామా అయిపోయింది. కాన్పులకొచ్చే అడవి ఆడోళ్లదే ఈ ఇల్లు."

నాన్న పీట ముందుకు జరుపుకున్నాడు. "తోడబుట్టినోళ్లం మేం లేమా అక్కా?"

"ముదిగొండల నా వాటా మీరిద్దరు దున్నుకుంటున్నరు. ఏనాడన్న అడిగిన్నా? ఇది నా చెమట. ఇదన్న నాకు తోచినోళ్లకు ఇయ్యనియ్యుండ్రి."

చిన్నాయన కండువా దులుపుకుని లేచాడు. "కాగితమే కదా. నువ్వు పోయినంక కోర్టుల చూసుకుంటం."

ఇద్దరూ సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. నాన్న మమ్మల్నీ బయల్దేరమన్నాడు. పిల్లకు సెలవులున్నాయని అమ్మ కదల్లేదు.

చిన్నాయన మాట అత్తమ్మకు ముల్లులా దిగింది. మర్నాడు ఆ వీలునామాను చింపి పొయ్యిలో పెట్టింది. "నేను పోయిందాక ఎందుకు? బతికుండంగనే ఇచ్చేస్త. అప్పుడు ఎవడు కోర్టుకెక్కుతడో సూస్త" అంటూ వకీలు దగ్గరికి నడిచింది. బతికినంతకాలం ఒక గదిలో తానుండేలా, ఇల్లంతా అప్పుడే ఆ ఆడవాళ్ల కోసం పెట్టిన ట్రస్టుకు చెందేలా కాగితం రాయించింది.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద ఎంతసేపు కూర్చున్నా, సాక్షి సంతకానికి వస్తానన్న బంధువు రాలేదు. చిన్నాయన కబురు ముందే అందిందట. అత్తమ్మ మొదటిసారి దిగులుగా కనబడింది. అప్పుడు, నాన్న ముందు ఏనాడూ గొంతెత్తని మా అమ్మ, కొంగు నడుముకు దోపుకుని లేచింది.

"నేను పెడత వదినె."

"వాడు నిన్ను ఇంట్లకు రానిస్తడా సుగుణా?"

"రానియ్యకుంటే ఈ ఇల్లున్నది కద" అని, వకీలు చూపించిన చోట తన పేరు ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది.

తిరిగి వస్తుంటే, ఇంతకాలం ఆ ఇల్లు నాదేననుకున్న నేను ఉక్రోషంగా అడిగాను, "మరి నాకేం లేదా అత్తమ్మా?"

"తలుపు తియ్యనీకి మనిషి కావాలె బిడ్డా. నువ్వుంటవా?"

ఉంటానన్నాను. నాన్న చాలాకాలం అమ్మతో మాట్లాడలేదు. అమ్మ కూడా బతిమాలలేదు. అత్తమ్మ ఆ గదిలోనే కన్నుమూసింది. చిన్నాయన వకీళ్ల చుట్టూ తిరిగి తిరిగి మానుకున్నాడు.

ఇప్పుడు ఆ పెంకులు లేవు, ఇంటికి స్లాబు పడింది. అరుగు రోడ్డులో కలిసిపోయింది. సందు పొడుగునా మందుల షాపులూ స్కానింగు బోర్డులూ వచ్చాయి. అష్టాచెమ్మా గీసుకోవడానికి ఒక బండంత జాగా కూడా మిగల్లేదు. ఉద్యోగం నుంచి రిటైరై ట్రస్టు పని చూస్తున్న నా దగ్గరికి మొన్నొక బ్రోకరు వచ్చాడు. మెడికల్ కాంప్లెక్సుకు ఇంతకు మించిన జాగా లేదనీ, అడిగినంత ఇప్పిస్తాననీ ఊదరగొట్టి, "ఇంతకీ ఓనర్ ఎవరు మేడం?" అన్నాడు.

ఆ పొద్దునే దుమ్ముగూడెం అవతలి నుంచి వచ్చిన నిండు చూలాలు ఒకామె, నడుం మీద చెయ్యి ఆనించుకుని, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తోంది.

"ఆమెనడుగు" అన్నాను.