కోసేసిన చివరి పేరా

అరవైల చివరి మాట. తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలి తమ్ముడు క్యాంపస్‌లోని ఒక గ్రంథాలయంలో పనిచేసేవాడు. పత్రికల్లోంచి పనికొచ్చే వార్తలు కత్తిరించి ఫైళ్లలో అతికించడం అతని ఉద్యోగం. స్కిజోఫ్రీనియా వచ్చి నెలల తరబడి సెలవులో ఉండి, మందులతో కుదుటపడ్డాడు. సోమవారం తిరిగి చేరాలి. వారం నుంచి ఆ ఇంట్లో అదే మాట. అక్క అతని చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేయించింది.

అంతకు ముందు శుక్రవారం క్యాంపస్‌లో ఒక డాక్టరు ఆ జబ్బు మీదే ఉపన్యాసం ఇచ్చారు. మా పేపరుకు రాయడానికి విలేకరిగా నేను వెళ్లాను. మెదడు లోపలి ఖాళీల్లోకి గాలి పంపి తీసిన ఎక్స్‌రేలు చూపించారు. కొందరు రోగుల్లో ఆ ఖాళీలు మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయన్నారు. అందరికీ అలా ఉండదని, దాన్నిబట్టి ఎవరు పనికొస్తారో ఎవరు రారో చెప్పలేమని కూడా అన్నారు.

ఈ రెండో మాట నాకు తెగ నచ్చింది. నచ్చింది కనుక చివరి పేరాకి దాచుకున్నాను. అది చదివి పాఠకుడు పేపరు మడిచి కాసేపు ఆకాశంలోకి చూడాలని నా కోరిక. ప్రకటన వస్తే వార్తను కింది నుంచి కోస్తారన్న సంగతి మా ఆఫీసు వాచ్‌మన్‌కు కూడా తెలుసు. ఆదివారం పేపర్లో నా ఆకాశం ఉండాల్సిన చోట సబ్బు ప్రకటన ఉంది.

సోమవారం వెళ్లినవాడు పదకొండు కొట్టేసరికి తిరిగొచ్చాడు. గ్రంథాలయం హెడ్ క్లర్కు నా వ్యాసం చూపించి, కబురు చేసేదాకా రావద్దన్నాడట. అక్క నా గది గుమ్మంలో నిలబడింది.

"నువ్వు రాసిందేనా బిడ్డా? మావోని బుర్రల ఖాళీలున్నయని."

కింది నుంచి కోసే పద్ధతి ఆమెకు వివరించాను. తమ్ముడు వెనక నిలబడి శ్రద్ధగా విన్నాడు. ఆ వివరణకు నాకే సిగ్గేసింది.

సబ్ ఎడిటర్ బల్ల మీద చిత్తుకాగితాల్లో నా చివరి పేజీ వెతికి పట్టుకుని, కేసు గెలిచిన వకీలులా హెడ్ క్లర్కు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చదివాడు.

"మీ చేతిరాత నాకెందుకు సార్? నేను అచ్చయిందే చూస్త."

అచ్చయితే చాలు, జనం నమ్ముతారని అప్పటిదాకా గొప్పలు పోయినవాణ్ణి నేనే.

ఎడిటర్‌ను బతిమాలితే బుధవారం రైళ్ల వేళల పక్కన చిన్న సవరణ వేశారు. ఈసారి డాక్టరు రెండో మాటతోనే మొదలుపెట్టాను. ఆకాశం జోలికి పోలేదు. హెడ్ క్లర్కు కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాడట. గురువారం కబురు చేశాడు.

ఆ సాయంత్రం తమ్ముడు చేతికి జిగురు మరకలతో నా గదికొచ్చాడు. తిరిగి చేరిన మొదటి రోజే నా వ్యాసమూ సవరణా ఒకే కాగితం మీద అతికించాడట. ముందు వచ్చింది పైన ఉండాలి కదా అన్నాను, అనుభవజ్ఞుడిలా.

"మీవోళ్లు కోసేది కిందిదాన్నే గదా అన్నా," అన్నాడు. "అందుకే పాతది కింద పెట్టిన."