పన్నెండో కడ్డీ

కాలేజీలో ఆ అమ్మాయిని అందరూ సెంచరీ అనేవారు. లాబ్ రికార్డుకు ఎప్పుడూ నూటికి నూరే. ముత్యాల్లాంటి రాత, స్కేలు పెట్టి కొట్టిన గీతలు, పుస్తకంలోని జవాబుకు వెంట్రుకవాసి తేడా రాని ఫలితాలు. తేడా ఎందుకొస్తుంది? జవాబు ముందే తెలుసు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కగట్టి రీడింగులు రాయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ముప్పైమందికి కలిపి ఒక్క ఉక్కు కడ్డీ ఇచ్చే చోట అంతకంటే ఏం చేస్తారు! తెంపేది లాబ్ అటెండరు, చూసేది ముందువరస, రాసేది అందరూ. వాళ్లమ్మ కూడా పాలిటెక్నిక్‌లో లాబ్ అటెండరే. "నాలుగొందల పది రావాలి, ఎలా తెచ్చుకుంటారో మీ ఇష్టం" అని ఇరవయ్యేళ్లుగా పిల్లలకు చెబుతున్న మనిషి.

అలాంటి సెంచరీ పైచదువుకు పరాయిదేశం వెళ్లింది. అక్కడ లోహాల మీద పరిశోధన చేసే ప్రొఫెసరమ్మ దగ్గర పనిచెయ్యాలన్నదే ఆమె ఆశంతా. ఆ ఏడాది ఆవిడ ఒక్కరినే తీసుకుంటానంది, ఒక చిన్న పరీక్ష కూడా పెట్టింది. పన్నెండు కడ్డీలు ఇస్తారు. ఒక్కొక్కటీ ఎంత బలానికి తెగుతుందో కనుక్కుని శుక్రవారంలోగా రిపోర్టివ్వాలి. సెంచరీకి నవ్వొచ్చింది. ఇంతేనా!

మిషన్ గదిలో మొదటి కడ్డీ బిగించి మీట నొక్కింది. మిషన్ కాసేపు మూలిగింది, కడ్డీ ఠాప్‌మని తెగింది. సెంచరీ రెండడుగులు వెనక్కి గెంతింది. నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివిన మనిషి, తన చేత్తో కడ్డీ తెంపడం అదే మొదలు! సంబరంగా తెరవైపు చూసింది. మూడొందల యాభై రెండు. రెండోది మూడొందల నలభైతొమ్మిది. మూడోది మూడొందల యాభై అయిదు.

పుస్తకం ప్రకారం నాలుగొందల పది రావాలిగా! కడ్డీ మీద అనుమానం రాలేదు పాపం, తన చేతిమీదే వచ్చింది. తెగిన మూడూ, మిగిలిన తొమ్మిదీ సంచిలో పడేసుకుని, గదికి పోయి పాత విద్య బయటికి తీసింది. నాలుగొందల ఎనిమిది, నాలుగొందల పన్నెండు, నాలుగొందల తొమ్మిది... అన్నీ ఒకేలా ఉంటే బాగోదని అక్కడక్కడా అటూ ఇటూ జరిపింది కూడాను. ఆఖరిదానికి నాలుగొందల పదకొండు వేసి, గురువారం పొద్దున్నే రిపోర్టును ప్రొఫెసరమ్మ ట్రేలో పెట్టేసింది.

మధ్యాహ్నం మిషన్ గది టెక్నీషియన్, నెరిసిన మీసాల పెద్దాయన, పిలిచాడు.

"తెగిన ముక్కలు ఇవ్వలేదేమ్మా? రిపోర్టుతోపాటు అవి కూడా దాచాలి."

ఇక్కడ అదొక పద్ధతని ఆమెకేం తెలుసు! సంచి ఇచ్చింది. ఆయన బల్లమీద పేర్చాడు. తెగినవి మూడు. చెక్కుచెదరనివి తొమ్మిది.

"రిపోర్టులో ఎన్ని రాశావు?"

"పన్నెండు."

"ఎంతెంత?"

చెప్పింది. ఆయన తల గోక్కున్నాడు. "వీటిని కొలిమిలో పెట్టి మెత్తబరిచింది నేనే. నాలుగొందలెక్కడివి? మూడొందల యాభైకి తెగాలి." కోప్పడలేదు. "ఆవిడ రేపటిదాకా రాదు. గది తెరిచే ఉంది" అని మాత్రం అని, మిషన్‌కు నూనె వేసుకుంటూ ఉండిపోయాడు.

సెంచరీ బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా వెళ్లగక్కింది.

"ఆ కాగితం తీసేసి కొత్తది పెట్టేయ్. ఎవరు చూడొచ్చారు" అంది అమ్మ ఠక్కున. అంతలోనే మళ్లీ అడిగింది. "అది సరే, చదువుకున్నన్నాళ్లూ నీచేత ఒక్కసారైనా తెంపించారటే?"

"లేదమ్మా."

"నేనూ ఎవరిచేతా తెంపించలేదు." అమ్మ గొంతు తగ్గింది. "వెళ్లి తెంపు. ఎంతొస్తే అంత రాయి."

తెంపింది. ఠాప్, ఠాప్. భయం పోయి, ఒక్కో చప్పుడుకూ హుషారు పెరిగింది. మూడొందల యాభై ఒకటి, మూడొందల నలభైఎనిమిది... పదకొండుదాకా బుద్ధిగా వచ్చాయి. పన్నెండోది మిషన్‌ను చాలాసేపు ఏడిపించి తెగింది. నాలుగొందల పదకొండు.

ఇదెక్కడి గోల! జవాబు మూడొందల యాభై అని పెద్దాయనే చెప్పాడుగా. కలం దానంతటదే మూడు వేసేసింది. సెంచరీ ఆ మూడును చాలాసేపు చూసింది. కొట్టేసి, నాలుగొందల పదకొండు అని రాసింది. రికార్డులో కొట్టివేత ఆమె జన్మలో అదే మొదలు.

శుక్రవారం ట్రేలోంచి పాతది కూడా తీసి, రెండూ కలిపి ప్రొఫెసరమ్మ చేతికే ఇచ్చింది.

"కిందది అబద్ధం మేడమ్. పైది నిజం. చివరి అంకె నాకే నమ్మబుద్ధి కావట్లేదు, కానీ అదే వచ్చింది."

సెంచరీ చెవులు ఎర్రబడ్డాయి. ప్రొఫెసరమ్మ రెండూ చదివి, పెద్దాయన్ని పిలిచింది.

"ఒకటి వదిలేశావా?"

"కొలిమిలో పదకొండే పట్టాయి. ఇంకోటి తర్వాత పెడదామనుకుని..." ఆయన మీసం కింద నాలిక కరుచుకున్నాడు.

ప్రొఫెసరమ్మ పకపకా నవ్వింది. "ఇన్ని అబద్ధాల్లో ఆ ఒక్కటీ నిజమైంది చూడు! సోమవారం నుంచి రా. కానీ ముక్కలు లెక్కపెట్టకుండా నీ రిపోర్టు చదవను."

"లెక్కపెట్టండి మేడమ్" అంది సెంచరీ, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

వారం తిరక్కుండా అమ్మ ఫోన్ చేసింది.

"పిల్లలకు తలా ఒక కడ్డీ ఇవ్వమని ప్రిన్సిపాల్‌ని అడిగానే. ముప్పై ఎక్కణ్ణుంచి తెమ్మంటావని ఎగిరిపడ్డాడు."

"మరి?"

"మూడిచ్చాడు. పిల్లలే తెంపారు. ఎంతొచ్చిందో అడగవేం?"

"ఎంతొచ్చిందమ్మా?"

"మూడూ మూడు రకాలు" అంది అమ్మ, గర్వంగా.