సింహాచలం పెట్రోలు బండికి ఓటేసిన రోజు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కారు కొనాలనుకున్న తెలుగువాడు ముందు బ్యాంకుకి వెళ్లడు, సింహాచలం ఇంటికి వెళతాడు. ఆయన ముప్పై నాలుగేళ్లు డీజిల్ ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఒకనాడు క్వార్టర్లో పప్పన్నం తింటూ, దూరంగా పోతున్న గూడ్సు చప్పుడు విని, "ఐదో సిలిండరు దగ్గుతోంది" అంటూ ఎంగిలి చేత్తోనే సైకిలెక్కి, పక్క స్టేషను ఉస్లాపూర్లో ఆ రైలుని ఆపించాడట. మొదట్లో ఆ రైలుకి ముప్పై పెట్టెలుండేవి. చెప్పినప్పుడల్లా ఒకటి తగులుకుంటూ, మొన్నటికి డెబ్బై రెండయ్యాయి. ఐదో సిలిండరు మాత్రం ఐదోదే.

అలాంటి మనిషికి డీజిల్ అంటే ప్రాణం. ఆయన మాట మీద కాలనీకి పదకొండు డీజిల్ కార్లొచ్చాయి. మేనకోడలు నీలవేణి పాత కారు కొంటానని ఊళ్లోనే ఉన్న కుదుదండ్ నుంచి వచ్చినప్పుడు కూడా అదే పాట ఎత్తుకున్నాడు.

"డీజిలంటే ఎద్దే అమ్మీ. పెట్రోలు బండిదేటుంది, కుట్టుమిషను!"

"కుట్టుమిషనే ఎనిమిదేళ్లు నాకు అన్నం పెట్టింది మావయ్యా," అంది నీలవేణి.

ఆ ఎనిమిదేళ్ల కుట్టుడబ్బుతోనే ఆమె బండి కొంటోంది. డయాలసిస్ రోగుల్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇళ్లకి చేర్చే పని. నలుగురు ఒప్పుకున్నారు కూడా.

"ఒక్కరోజు బండి కదల్లేదనుకో, ఆళ్ల వంతు పోతాది. ఒళ్లంతా నీరు పట్టేసి కూసుంటారు. నాకు అందమొద్దు, రంగొద్దు. పొద్దున్నే కదలాల, బస్."

ఆ మాటతో సింహాచలం నవ్వు ఆగిపోయింది. ఇంతకుముందు ఎవరినీ అడగనిది ఆమెని అడిగాడు. వారంపాటు అద్దె కారుతో అదే పని చేసి, ప్రతి ట్రిప్పూ డ్యూటీ చార్టులా రాసుకురమ్మన్నాడు.

ఈలోగా బేరానికొచ్చిన రెండు బండ్లనూ పరీక్షకు పెట్టాడు. ఒకటి పెట్రోలు, ఒకటి డీజిల్. రెండూ నాలుగేళ్లవే, డీజిల్ది లక్ష ఎక్కువ. షెడ్డులో బాగుచేసిన ఇంజన్ని నేరుగా లైను మీదికి పంపరు. ఉన్నచోటే నిలబెట్టి, పూర్తి బరువు లాగినంత కష్టపెట్టి చూస్తారు. సింహాచలం కూడా కాలనీ భజన బృందంలోని నలుగురు పుష్టిగల ఆడవాళ్లను పిలిచి, వాళ్ల ఒళ్లో తలా ఒక బియ్యం బస్తా పెట్టి, వంతెన ఎక్కే దారి సగంలో బండి ఆపి, మళ్లీ తనే ముందుకి లేపాడు. పెట్రోలు బండి మూలిగింది, వెనక్కి రెండడుగులు జారి, అప్పుడు ఎక్కింది. డీజిల్ది, లోపల ఎవరూ లేనట్టు నడిచిపోయింది. లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఎక్కువే ఇచ్చింది. పంపులో లీటరు ధర కూడా ఆరేడు రూపాయలు తక్కువ.

"సూసేవా ఎద్దుని!" అని సింహాచలం బానెట్టు మీద చెయ్యేసి నిమిరాడు.

ఆదివారం నీలవేణి చార్టు తెచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. ఇంటి నుంచి ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లు. నాలుగు గంటలు ఆగడం. మళ్లీ నాలుగు. వారం మొత్తంలో పెద్ద ట్రిప్పు పదకొండు కిలోమీటర్లు. చదువుతున్నకొద్దీ ఆయన ముఖం చిన్నదైంది. బరువు లాగకుండా గంటలకొద్దీ ఊరికే ఆడుతూ నిలబడ్డ డీజిల్ ఇంజన్లు పొగగొట్టంలోంచి నూనె కక్కడం ఆయన ఎన్నిసార్లు చూడలేదు! ఇప్పటి డీజిల్ కార్లకైతే మసిని ఆపే ఫిల్టరొకటి ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. నాలుగేసి కిలోమీటర్లు తిరిగితే పూడుకుపోతుంది, బండి ఏ నడిరోడ్డు మీదో నీరసించిపోతుంది. ఆ రిపేరు ఖర్చు ముందు ఆరేడు రూపాయల తేడా ఏ మూలకి?

అయినా ఆశ చావలేదు.

"రోజూ పాతిక కిలోమీటర్ల రతన్‌పూర్‌కి ఒక బేరం ఎతుక్కుంటే డీజిల్ బండి సుబ్బరంగా నడుస్తాదే."

నీలవేణి చార్టు మడతపెట్టింది. "పనికోసం బండి గానీ, బండికోసం పని ఎతుక్కోమంటావేటి మావయ్యా?"

సింహాచలం కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని, సాయంత్రం అందరూ చేరే శంకరరావు అరుగు దగ్గరికి ఆమెను వెంటబెట్టుకెళ్లాడు. శంకరరావు రిటైరైన గార్డు, పదకొండు డీజిల్ కార్లలో మొదటిది ఆయనదే. అక్కడ పదిమందీ వినేలా చెప్పాడు సింహాచలం:

"మా నీల పెట్రోలు బండి కొంటోంది. నానే కొనమన్నాను."

"అచ్ఛా!" శంకరరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "మా అందరి సేతా డీజిల్ కొనిపించి, మేనకోడలికి పెట్రోలా? బాగుంది నీ నాయం!"

"నీ కొడుకు రోజూ కోర్బా ఎళ్లొస్తాడు. నూటెనభై కిలోమీటర్లు. ఆడికి డీజిలే రైటు. దీనికి నాలుగు కిలోమీటర్లు. దీనికి పెట్రోలే రైటు."

అక్కడితో ఆగి ఉంటే మర్యాద దక్కేది. కానీ సింహాచలం చివర కూర్చున్న గిరిబాబు వైపు తిరిగాడు. గిరిబాబు బండి గుడికి, బజారుకి తప్ప ఎక్కడికీ పోదు. ఫిల్టరు రెండుసార్లు పూడింది.

"నీ బండి ఇసయంలో తప్పు నాదేరా. ఎంత తిరుగుతావో అడక్కుండా సెప్పేసేను."

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన తప్పు ఒప్పుకోగా విన్నవాడు అక్కడ ఒక్కడూ లేడు.

"బాబాయ్," అన్నాడు గిరిబాబు నెమ్మదిగా, "ఆ ముక్క ఒక్కసారి మా ఇంటికొచ్చి నా పెళ్లాం ముందు సెప్పరా? రెండేళ్లుగా నన్నే తిడతంది."

సింహాచలం వెళ్లి ఆమెకీ చెప్పాడు. అంతటితో వదల్లేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం గిరిబాబు బండిని తనే ముప్పై కిలోమీటర్ల అవతలున్న కర్గీ రోడ్ ఊరి దాకా గట్టిగా తోలి, మసి కాల్చుకొస్తాడు. గిరిబాబు భార్య వెనక సీట్లో దర్జాగా కూర్చుంటుంది.

నీలవేణి బండికి ఏడు నెలలైంది. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా మేనమామకి ఫోన్ చేసి సణుగుతుంది. ఆయన డీజిల్ ఊసెత్తకుండా వింటాడు. ఆమె నలుగురు రోగుల్లో ఒక్కరికీ ఒక్క వంతూ తప్పలేదు.