వియ్యంకులకు వేసిన వల

మా ఇంటికి మొదటిసారి వచ్చిన వియ్యంకులను నేను వల వేసి పట్టాను. మాటవరసకు కాదు, నిజం చేపల వలతోనే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి, ముందుముందు తీరిక దొరకదు.

మా అమ్మాయి కాకినాడ అబ్బాయిని చేసుకుంది. పెళ్ళి హైదరాబాదులో అయిపోయింది కాబట్టి దాని అత్తమామలు మా ఇబ్రహీంపట్నం రావడం అదే మొదలు.

"సముద్రం పక్కన పుట్టినోళ్ళు! ఈడికొచ్చి ఏం చూస్తరు, రాళ్ళా?" అన్నాను మా ఆయనతో.

"అన్నం పెడితె తింటరు, మంచమేస్తె పంటరు. నీకెందుకే గంత ఫికర్?"

ఆయన మాట వింటే ఈ కథే లేదు. ఫోన్లో సముద్రతీరపు పడకగదులు చూశాను. తెల్లగోడలు, నీలి పరదాలు, అలలు, వలలు! కళ్ళార్పలేదు. నేను సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. చూడలేదు కనకనే దాన్ని ఇంట్లోకి తెచ్చేయగలనన్న ధైర్యం వచ్చింది.

మా పెయింటరు యాదగిరి కూడా చూడలేదు.

"అలలు ఎట్లుంటయక్కా?"

"నీళ్ళు లేచి, ముందుకు వంగి, చుట్టుకున్నట్టు."

సాయంత్రానికి చుట్టాల గది గోడ నిండా నీలి జిలేబీలు తేలాయి. కిటికీలోంచి ఇంటి వెనక గుట్ట కనబడుతోందని కిటికీని ప్లైవుడ్‌తో మూయించి, దాని మీద గుండ్రటి ఓడ కిటికీ గీయించాను. నడిసముద్రంలో గుట్ట ఏమిటండీ, అసహ్యంగా!

ఇక వల. చెరువు దగ్గర చేపలు పట్టే పెద్దమనిషిని పాత వల అడిగాను.

"చేపలు కావాల్నా, వల కావాల్నా?"

"వలనే. మంచం మీద కట్టనీకి."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "దోమలు ఆగవమ్మా. వల కండ్లు పెద్దగున్నయ్."

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట ఒకడు. నేను వలను గదికి చుట్టాను. సర్ఫులో నానబెట్టి, ఎండబెట్టి, సెంటు కొట్టి, మంచానికి పైన మేకులకు బిగించి మరీ. చేపవాసన పోలేదు సరికదా, పెళ్ళికి ముస్తాబైంది. గల్లీలోని పిల్లులన్నీ మా ప్రహరీ మీద బంతిభోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాయి.

వియ్యంకులు వచ్చారు. గదిలోకి అడుగుపెట్టగానే ఇద్దరూ ముక్కులు ఎగబీల్చి, మర్యాద గుర్తొచ్చి ఆపేశారు.

"చాలా... శ్రమపడ్డారు వదినగారూ," అంది వియ్యపురాలు. వియ్యంకుడు జిలేబీలను తేరిపార చూసి, ఏమిటని అడిగే ధైర్యం లేక, భార్యతో పాటు మంచం మీద కూర్చున్నాడు.

అదే అదనుగా ఒక గండుపిల్లి మా కాళ్ళ మధ్యనుంచి దూరి, అలమర ఎక్కి, వల మీదికి ఎగిరింది. మేకులు ఊడాయి. వల, పిల్లి, వియ్యంకులు ఒక్క మూటయ్యారు.

మూటలోంచి వియ్యంకుడి గొంతు నిదానంగా వినిపించింది: "చెల్లెమ్మగారూ, పులుసా, వేపుడా?"

పిల్లి తనదారిన తాను పోయింది. నేను వల లాగుతుంటే, మా ఆయన "జర గాలి రానియ్యి ముందుగాల!" అంటూ గడ్డపారతో ప్లైవుడ్‌ను పెకలించేశాడు.

అందరం అటు తిరిగాం.

కిటికీ నిండా గుట్ట. ఏనుగుల్లాంటి బండలు ఒకదాని మీద ఒకటి. అన్నిటికన్నా పైన, లారీ అంత గుండురాయి, పీట అంత చోటులో నిలబడి ఉంది. సాయంకాలపు ఎండలో మొదట పసుపులా, చూస్తుండగానే కుంకుమలా మారింది. ఇప్పుడే దొర్లేట్టు ఉంది, ఎన్నటికీ కదిలేట్టు లేదు.

వియ్యపురాలు జుట్టుకు వల వేలాడుతుండగానే లేచి కిటికీ దగ్గరికి వచ్చింది. "ఇవి ఎవరు పెట్టారండీ?"

"ఎవలు పెట్టలేదు. గట్లనే ఉన్నయి," అన్నాడు మా ఆయన.

"పడదా?"

"మా తాత కూడ పడతదనే జూసిండట. తాత పోయిండు. గుండు ఆడ్నే ఉంది."

ఆమె చేతులు జోడించింది. పెరటి గుట్ట కంటికి ఆనదు. ఇన్నేళ్ళూ దాని ఎదుటే బట్టలు ఆరేశాను, ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. ఆ పూట చూశాను. మనుషులు లేని కాలం నుంచి అది అలా ఊపిరి బిగబట్టి నిలబడి ఉంటే, నేను దానికి అడ్డంగా ఓడ కిటికీ గీయించానా! చీకటి పడేదాకా నలుగురం అక్కణ్ణించి కదల్లేదు. చాయ్ చల్లారిపోయింది.

చివరికి మా ఆయనే అన్నాడు: "ఈసారి మేమే మీ ఊరికొస్తం బావా. మాకు సముద్రం జూపియ్యాలె."

వియ్యంకుడు భార్య వంక చూశాడు. ఆమె నేల చూపులు చూసింది.

"తప్పకుండా బావగారూ," అన్నాడాయన నెమ్మదిగా. "ఆ వంకన మేమూ చూస్తాం. చూసి ఎన్నేళ్ళయిందో! పక్కనే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అని..."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సముద్రాన్ని గానీ, నదిని గానీ, వీధికాలువను గానీ నా గడప దాటి రానివ్వను. నీళ్ళంటూ వస్తే బిందెలోనే రావాలి.